జీ ప్లస్ టూ ఇంట్లో మూడు రౌటర్ల మెష్: ఏ రేడియోకి ఏ పని, ఏ ఛానల్, ఎంత వెడల్పు

మీరు రాసినదాన్ని బట్టి మీ పరిస్థితి ఇదీ: హైదరాబాద్‌లో జీ ప్లస్ టూ ఇల్లు, అంతస్తుకొకటి చొప్పున ఒకే మోడల్ రౌటర్లు మూడు. మీడియాటెక్ 7981 చిప్, వాటిలో నడిచే ఫర్మ్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 23.05. ఫైబర్ 200 ఎంబీపీఎస్, ఫైబర్ వచ్చి చేరే పెట్టె (ఓఎన్‌టీ) గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. పై రెండింటికీ కేబుల్ లేదు, 5 గిగాహెర్ట్జ్‌లో 802.11ఎస్ మెష్ మీదే, అంటే రౌటర్లు (నోడ్లు) వైఫైతోనే ఒకదానికొకటి డేటా అందించుకునే పద్ధతిలో నడుస్తున్నాయి. ఛానల్ 100, వెడల్పు 160 మెగాహెర్ట్జ్. కంట్రీ కోడ్ ఒకదాంట్లో ఇండియా, మిగతా రెండిట్లో అమెరికా. రెండో అంతస్తులో ఫోన్‌కి 20 ఎంబీపీఎస్ దాటడం లేదు. రోజుకి ఒకట్రెండుసార్లు మెష్ మొత్తం పోయి అరగంటకో, రీబూట్ కొడితేనో వస్తోంది. తోడుగా ఉంటుందని 2.4లో కూడా మెష్ పెడితే ఇల్లంతా నెట్ స్తంభించింది.

ఈ మూడూ వేర్వేరు జబ్బులు, మూడింటికీ మూలం రేడియోల సెట్టింగుల్లోనూ అమరికలోనూ ఉంది. ఫర్మ్‌వేర్ మార్చక్కర్లేదు, కొత్త రౌటర్లూ కొనక్కర్లేదు. అంతస్తుల మధ్య డేటా మోసే రేడియోని గోడలో వేసిన కేబుల్ అనుకుని సెట్ చేయండి. దాని ఛానల్, వెడల్పు మీరు మారిస్తే తప్ప మారకూడదు.

ముందు అరగంట సంగతి. ఛానల్ 100 మీద 160 వెడల్పు అంటే 5490 నుంచి 5650 మెగాహెర్ట్జ్ దాకా, అదంతా డీఎఫ్‌ఎస్ ప్రాంతం, అంటే రాడార్‌కి దారి వదలాల్సిన చోటు. అక్కడ రేడియో లేవాలంటే ముందు కనీసం 60 సెకన్లు చెవి ఒగ్గి వినాలి. తర్వాత ఎప్పుడు రాడార్ లాంటి పల్స్ కనిపించినా ఆ ఛానల్ ఖాళీ చేసి 30 నిమిషాల పాటు తిరిగి రాకూడదు. మీ అరగంట అదే. మామూలు యాక్సెస్ పాయింటైతే ఇంకో ఛానల్‌కి పోయి ఫోన్లను పిలుచుకుంటుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. మెష్‌లో అలా కుదరదు. ఒక నోడ్‌కి పల్స్ వినబడి అది కదిలిపోతుంది, మిగతా రెండూ పాత ఛానల్లోనే ఉండిపోతాయి, గొలుసు తెగుతుంది. లాగ్‌లో ఆ సమయానికి డీఎఫ్‌ఎస్ రాడార్ డిటెక్టెడ్ అన్న లైన్ ఉందేమో చూడండి, అనుమానం తీరిపోతుంది. "మా చుట్టుపక్కల రాడార్ ఎక్కడుంది?" అని అడగొచ్చు. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖల్లో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లు ఎస్ బ్యాండువి, మీ 5 గిగాహెర్ట్జ్‌తో వాటికి పనిలేదు. కానీ పక్క రేడియోల నుంచి వచ్చే పొట్టి సిగ్నళ్లని రాడార్‌గా పొరబడటం ఈ చిప్‌లన్నిటికీ అలవాటే. రాడార్ నిజమైనా కాకపోయినా ఖాళీ చేయక తప్పదు.

160 వెడల్పు వదులుకోండి. మన దేశంలో 2018 అక్టోబర్ నోటిఫికేషన్‌తో లైసెన్స్ అక్కర్లేకుండా వాడుకోవడానికి ఇచ్చినవి 5150–5250, 5250–5350, 5470–5725, 5725–5875 మెగాహెర్ట్జ్ ముక్కలు. 160 వెడల్పు కింద నుంచి పెడితే 36తో మొదలై 64 దాకా పోతుంది, అందులో 52 నుంచి పైన డీఎఫ్‌ఎస్. 149 నుంచి పెడదామంటే చివర 5895 దాకా పోతుంది, మన హద్దు 5875. అంటే డీఎఫ్‌ఎస్ తగలకుండా 160 అనేది ఇక్కడ లేదు. 80 వెడల్పులో మాత్రం డీఎఫ్‌ఎస్ లేని చోట్లు రెండున్నాయి: 36 నుంచి 48, 149 నుంచి 161. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకుని మూడు రౌటర్లలోనూ అదే నంబర్ చేత్తో వేయాలి. ఆటో పనికిరాదు. ఆటోలో పెట్టిన నోడ్ లేచిన ప్రతిసారీ తనకి నచ్చిన ఛానల్లో కూర్చుంటుంది, మిగతావాటికి కనబడదు.

రెండిట్లో ఏది? స్కాన్‌లో ఎన్ని పేర్లు కనబడ్డాయో లెక్కపెట్టడం వల్ల పెద్దగా తేలదు. పది రౌటర్లు ఖాళీగా కూర్చుని ఉండొచ్చు, ఒక్కటే రాత్రంతా వీడియో లాగుతుండొచ్చు. రౌటర్ కమాండ్ లైన్‌లో ఐడబ్ల్యూ టూల్‌తో సర్వే డంప్ (ఛానల్ వాడకం లెక్క) తీయండి. ఇన్ యూజ్ అని గుర్తున్న ఛానల్ కింద యాక్టివ్ టైమ్, బిజీ టైమ్ అని రెండు అంకెలు మిల్లీసెకన్లలో ఉంటాయి. అవి పెరుగుతూ పోయే మీటర్లు కాబట్టి ఒక్కసారి చూస్తే అర్థం కాదు. నిమిషం తేడాతో రెండుసార్లు తీసి, బిజీలో వచ్చిన తేడాని యాక్టివ్‌లో వచ్చిన తేడాతో భాగించండి. రాత్రి 9, 10 మధ్య, మీ ఇంట్లో ఎవరూ వాడనప్పుడు చేయాలి. 10 శాతం లోపుంటే హాయి. 40 దాటితే ఆ బ్లాక్ వదిలేయడమే. వాడుకలో ఉన్న ఛానల్‌కే మీటర్ తిరుగుతుంది గనక 36లో ఒకసారి, 149లో ఒకసారి పెట్టి చూడాలి. ఈ కొలత మూడు అంతస్తుల్లోనూ తీయండి. పై అంతస్తులో పక్క అపార్ట్‌మెంట్ల రౌటర్లన్నీ వినబడతాయి, గ్రౌండ్‌లో వినబడవు, అందుకని కింద బాగున్న ఛానల్ పైన దారుణంగా ఉండొచ్చు. నిర్ణయం పై అంతస్తు లెక్క మీదే తీసుకోండి.

కంట్రీ కోడ్ మూడింట్లోనూ ఇండియా పెట్టండి. మీరు ఒకదాంట్లో ఇండియా, మిగతా రెండిట్లో అమెరికా ఉంచారు. పవర్ ఎక్కువ వస్తుందని ఆ చిట్కా ఎవరో చెప్పి ఉంటారు, చాలామంది చెబుతారు. అందులో చట్టం చిక్కు ఒకటైతే, సాంకేతికంగా కూడా నష్టమే: ఏ ఛానల్లో ఎంత పవర్, ఎక్కడ డీఎఫ్‌ఎస్ అన్నవి కోడ్‌ని బట్టి మారతాయి, అందుకని ఒకే నంబర్ వేసినా మూడు బాక్సులూ ఒకేలా నడవవు. అసలు కోడే ఇవ్వకపోతే ఇంకా ఇబ్బంది, 5 గిగాహెర్ట్జ్‌లో చాలా ఛానళ్లలో రేడియో తనంతట తాను ప్రసారం మొదలుపెట్టదు, మెష్ లేవదు. మార్చాక ఐడబ్ల్యూ రెగ్ గెట్ కొట్టి ఐఎన్ అని వస్తోందో లేదో చూడండి.

ఇప్పుడు 20 ఎంబీపీఎస్ సంగతి. ఇక్కడే ఎక్కువమంది ప్రొటోకాల్‌ని తిడతారు, పాపం దాని తప్పేం లేదు. మీ రౌటర్లో 5 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే. రెండో అంతస్తులో ఫోన్ 5 మీద ఉంటే ప్రతి ప్యాకెట్టూ అదే ఛానల్లో మూడుసార్లు గాల్లోకి వెళ్తుంది: గ్రౌండ్ నుంచి ఒకటికి, ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి ఫోన్‌కి. ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఇద్దరూ ఆగాలి. అందుకని కూడవలసింది స్పీడుల్ని కాదు, సమయాల్ని. ఫోన్‌కీ పై నోడ్‌కీ మధ్య నిఖరంగా 400, రెండు–ఒకటి మధ్య 40, ఒకటి–గ్రౌండ్ మధ్య 60 ఎంబీపీఎస్ అందుతున్నాయనుకోండి. 1ని 400తో, 40తో, 60తో విడివిడిగా భాగించి, వచ్చిన మూడూ కలిపి తిరగేస్తే 22 చిల్లర వస్తుంది. మీకు కనబడుతున్నది ఇంచుమించు అదే. ఫోన్ దగ్గర సిగ్నల్ నిండుగా ఉన్నా లాభం లేకపోవడానికి కారణం కూడా ఇదే.

దీనికి మందు: గేట్‌వే నోడ్‌ని, అంటే ఓఎన్‌టీకి వైరుతో కలిసిన రౌటర్‌ని, మధ్య అంతస్తుకి ఎక్కించండి. ఓఎన్‌టీ కిందే ఉంటుంది, అక్కడి నుంచి ఒకటో అంతస్తు దాకా ఒక్క క్యాట్ 6 వైరు బయటి గోడ వెంబడి పైపులో వేయించండి. కరెంటు వైర్లున్న పైపులోనే దూర్చొద్దు. ఆ వైరుతో మధ్య నోడ్ గేట్‌వే అవుతుంది, గ్రౌండ్, రెండో అంతస్తు నోడ్లు రెండూ దానికి ఒక్క హాప్ (ఒక్క గెంతు) దూరంలో ఉంటాయి. ప్యాకెట్ గాల్లో తిరిగేది మూడుసార్ల బదులు రెండుసార్లే. ఆ హాప్ 300 ఇస్తే, ఫోన్ దగ్గర 400తో కలిపి లెక్క వేస్తే 170 చిల్లర. మీ 200 ప్లాన్‌కి దగ్గరగా వచ్చినట్టే. ఈ ఒక్క వైరు ఇచ్చే లాభం ఏ సెట్టింగూ ఇవ్వదని గట్టిగా చెబుతాను.

వైరు కుదరనే కుదరదంటే గ్రౌండ్, రెండో అంతస్తు నోడ్లు ఒకదానికొకటి వినబడకుండా మధ్యవాడితో ఒకేసారి మాట్లాడబోయి గుద్దుకుంటాయి. రేడియో అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఆర్‌టీఎస్ థ్రెషోల్డ్ 500 దగ్గర పెడితే పెద్ద ప్యాకెట్ పంపే ముందు అనుమతి అడిగి పంపుతాయి. కొంత స్పీడు పోతుంది, గుద్దులాట తగ్గుతుంది.

నోడ్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇక్కడే. ఆర్‌సీసీ స్లాబ్ ఒకటి దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సుమారు 15 నుంచి 25 డీబీ పోతుంది. మెట్ల దారి మాత్రం స్లాబ్‌లో కన్నం లాంటిది. మూడు నోడ్లూ మెట్లకి ఎదురుగా, ఒకదాన్నుంచి ఒకటి మెట్ల సందు గుండా కనబడేంత దగ్గరగా పెట్టండి. బీరువా మీద, టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన వద్దు. యాంటెన్నాల విషయం చాలామంది పట్టించుకోరు. నిలువుగా నిలబెట్టిన కడ్డీ యాంటెన్నా చుట్టూ పక్కలకి బాగా కొడుతుంది, నెత్తి మీదకీ కాళ్ల కిందకీ దాదాపు కొట్టదు. మీకు కావలసింది పైకీ కిందకీ. అందుకని ప్రతి నోడ్‌లోనూ 5 గిగాహెర్ట్జ్ యాంటెన్నాల్లో కనీసం ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. మూడు అంతస్తుల్లోనూ ఆ పడుకున్నవి ఒకే దిక్కుకి ఉండాలి, ఉదాహరణకి అన్నీ తూర్పు–పడమరగా. ఒకటి తూర్పుకీ ఒకటి ఉత్తరానికీ ఉంటే మళ్లీ సిగ్నల్ పోతుంది.

ఎంత సిగ్నల్ వస్తే చాలు? ఐడబ్ల్యూ స్టేషన్ డంప్‌లో (కలిసిన నోడ్ల జాబితాలో) సిగ్నల్ యావరేజ్ చూడండి. –55 నుంచి –65 డీబీఎం మధ్య ఉంటే 80 వెడల్పు బాగా నడుస్తుంది. –70 దాటి కిందకి పోతే నోడ్‌ని జరపడమే మంచిది. –75 దగ్గర ఇరుక్కుపోయి జరపడానికి చోటే లేకపోతే వెడల్పు 40కి దించండి. వెడల్పు సగం చేసిన ప్రతిసారీ నాయిస్ 3 డీబీ తగ్గుతుంది, పక్కింటి ఛానళ్లతో ఢీకొనే అవకాశమూ తగ్గుతుంది. స్క్రీన్ మీద లింక్ రేటు చిన్నదిగా కనబడుతుంది, ఆగి ఆగి నడవడం మాత్రం పోతుంది. వెడల్పు మూడు నోడ్లలోనూ ఒకటే ఉండాలి.

ఇక చేయడం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీతో డిఫాల్ట్‌గా వచ్చే, వైఫై భద్రత చూసే డబ్ల్యూప్యాడ్ బేసిక్ ఎంబెడ్‌టీఎల్‌ఎస్ ప్యాకేజీకి మెష్ ఎన్‌క్రిప్షన్ రాదు. దాన్ని తీసి డబ్ల్యూప్యాడ్ మెష్ ఎంబెడ్‌టీఎల్‌ఎస్ వేయాలి. తీసిన క్షణం నుంచి వైఫై ఉండదు కాబట్టి రౌటర్‌కి ల్యాన్ కేబుల్‌తో కనెక్ట్ అయి చేయండి, కొత్తదాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకుని పెట్టుకోండి. పై నోడ్లకి నెట్ మెష్ గుండానే వస్తుంది గనక వాటిని కిందకి తెచ్చి ఓఎన్‌టీ దగ్గర చేయక తప్పదు. మూడింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి మెష్ పరీక్షించకండి. అంత దగ్గర్లో రిసీవర్ తట్టుకోలేక చిత్రమైన ఎర్రర్లు వస్తాయి. రెండు మూడు మీటర్లు దూరం ఉంచండి, లేదా పవర్ బాగా తగ్గించండి.

తర్వాత లూసీలో (బ్రౌజర్‌లో తెరుచుకునే రౌటర్ సెట్టింగుల పేజీలో) నెట్‌వర్క్, వైర్‌లెస్‌కి వెళ్లి 5 గిగాహెర్ట్జ్ రేడియో కింద కొత్త ఇంటర్‌ఫేస్ వేయండి. రేడియో 0 ఏది, రేడియో 1 ఏది అన్నది మోడల్‌ని బట్టి తారుమారవుతుంది, పేరు చూసి కాదు, బ్యాండ్ చూసి ఎంచుకోండి. మోడ్ 802.11ఎస్. మెష్ ఐడీ మూడింట్లోనూ అక్షరం అక్షరం ఒకటే, పెద్ద చిన్న అక్షరాల తేడా కూడా లెక్కే. నెట్‌వర్క్ ల్యాన్. ఎన్‌క్రిప్షన్ డబ్ల్యూపీఏ3 ఎస్‌ఏఈ, పాస్‌వర్డ్ ఒకటే. మెష్ ఫార్వర్డింగ్ ఆన్‌లోనే ఉంచండి. గేట్‌వే కాని రెండు నోడ్లలో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఆపేసి, ల్యాన్ అడ్రస్ 192.168.1.2, 192.168.1.3 అని స్థిరంగా ఇచ్చి, గేట్‌వే, డీఎన్‌ఎస్ రెండూ 192.168.1.1 చేయండి.

స్టేషన్ డంప్‌లో మెష్ పీలింక్ పక్కన ఎస్టాబ్ అని వస్తే నోడ్లు కలిసినట్టే. లిజన్ అనే ఉండిపోతే ఒకచోట ఎన్‌క్రిప్షన్ ఉండి ఇంకోచోట లేదేమో చూడండి. బ్లాక్డ్ అని వస్తే పాస్‌వర్డ్ తేడా. ఇందులో ఒక మెలిక ఉంది: కొన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ పడ్డాక ఆ నోడ్‌ని గంట పాటు పక్కన పెడుతుంది. మీరు పాస్‌వర్డ్ సరిచేసినా అదే వరస కనబడి, ఇంకేదో తప్పనుకుని బాగున్నవి కూడా మార్చేస్తారు. సరిచేశాక రెండువైపులా వైఫై రీస్టార్ట్ చేయండి.

5 గిగాహెర్ట్జ్‌లో ఫోన్ల కోసం యాక్సెస్ పాయింట్ కూడా అదే రేడియో మీద పెట్టొచ్చు. కాకపోతే రెండూ ఒకే ఛానల్లో ఉండాలి, ఇంకో దారి లేదు. ఆ రేడియో మీద స్టేషన్ మోడ్ మాత్రం వేయకండి. పై రౌటర్ ఏ ఛానల్‌కి పోతే ఇది దాని వెంట పోతుంది, మెష్ ఇక్కడే మిగులుతుంది. పవర్ సాధారణంగా రేడియోకి ఒకటే, మెష్‌కి ఒకటి, ఫోన్లకి ఒకటి అని విడదీయలేరు. 5లో పవర్ ఎక్కువే ఉంచి, ఫోన్లు అంతస్తు మారినప్పుడు పాత నోడ్‌ని పట్టుకు వేలాడకుండా 2.4 పవర్‌ని 14–17 డీబీఎం దాకా దించండి. 2.4లో వెడల్పు 20, ఛానళ్లు అంతస్తుల వారీగా 1, 6, 11. అక్కడ మెష్ లేదు కాబట్టి వేర్వేరుగా ఉండటమే మేలు.

2.4లో మెష్ ఎందుకు లేదంటే, మీ మూడో జబ్బు అదే. 802.11ఎస్ లూపులు రాకుండా చూసుకునేది ఒక మెష్ ఇంటర్‌ఫేస్ లోపల మాత్రమే. 5లో ఒకటి, 2.4లో ఒకటి పెట్టి రెండింటినీ ల్యాన్ బ్రిడ్జ్‌లో కలిపితే రెండు రౌటర్ల మధ్య రెండు కేబుళ్లు గుచ్చినట్టే. ఒక్క బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ 5 మీద వెళ్లి 2.4 మీద తిరిగొచ్చి మళ్లీ 5 మీద వెళ్తుంది, క్షణాల్లో ఛానల్ నిండిపోతుంది. మెష్ ఉండగా రెండు నోడ్ల మధ్య ల్యాన్ కేబుల్ కూడా గుచ్చితే ఇదే తంతు. అలా ఎవరైనా పొరపాటున గుచ్చే అవకాశం ఉంటే బ్రిడ్జ్‌లో ఎస్‌టీపీ (లూపుల్ని ఆపే సదుపాయం) ఆన్ చేసి ఉంచండి.

రెండు రేడియోల మీదా బ్యాక్‌హాల్ (నోడ్ల మధ్య డేటా మోత) నిజంగా కావాలంటే బ్యాట్‌మన్ అడ్వాన్స్‌డ్ అనే మెష్ ప్రొటోకాల్ వాడాలి. అప్పుడు రెండు మెష్ ఇంటర్‌ఫేస్‌లనీ ల్యాన్‌లోంచి తీసి బ్యాట్0 కిందకి చేర్చి, వాటిలో మెష్ ఫార్వర్డింగ్ ఆపేసి, ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) కనీసం 1532 ఇచ్చి, బ్యాట్0ని మాత్రమే బ్రిడ్జ్‌లో పెడతారు. మల్టీకాస్ట్ రేటు కూడా 12 లేదా 18 ఎంబీపీఎస్‌కి పెంచాలి. పాత నాలుగో వెర్షన్ అల్గారిథమ్ లింక్ నాణ్యతని తన బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు ఎన్ని అందాయో చూసే అంచనా వేస్తుంది. అవి మరీ నెమ్మది రేటులో పోతే చచ్చు లింక్ కూడా బాగున్నట్టే కనబడుతుంది. మూడు నోడ్ల ఇంటికి ఇదంతా దండగ అని నా అభిప్రాయం.

వైరు వేయకుండా గొలుసుగానే ఉంచితే గ్రౌండ్‌కీ రెండో అంతస్తుకీ మధ్య –82 లాంటి బలహీన లింక్ కుదిరి దారి అటూ ఇటూ ఊగొచ్చు. ఇంటర్‌ఫేస్‌లో మెష్ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ థ్రెషోల్డ్ (కనీస సిగ్నల్ హద్దు) –75 వేయండి. అప్పటికే కలిసి ఉన్న నోడ్లని ఇది తెంచదు, కొత్తగా కలవబోయేవాటినే ఆపుతుంది. వేశాక వైఫై రీస్టార్ట్ చేస్తేనే పని చేసినట్టు కనబడుతుంది.

పరీక్ష స్పీడ్‌టెస్ట్ సైట్‌తో చేయకండి, దాంట్లో మీ ప్లాన్ పరిమితి, ఫోన్ వైఫై అన్నీ కలిసిపోతాయి. గేట్‌వేకి ఒక ల్యాప్‌టాప్, పై నోడ్‌కి ఒక ల్యాప్‌టాప్ కేబుల్‌తో తగిలించి, స్పీడు కొలిచే ఐపెర్ఫ్3 టూల్‌ని రెండు దిక్కులా 60 సెకన్ల చొప్పున నడపండి. ఒక హాప్‌లో, –60 దగ్గర, 80 వెడల్పుతో, రెండు స్ట్రీముల ఏఎక్స్ (వైఫై 6) రేడియోకి 400 ఎంబీపీఎస్ పైన రావాలి. ఒక దిక్కు బాగుండి ఇంకో దిక్కు సగమే వస్తే, తక్కువ వచ్చిన దిక్కులో వినే నోడ్ దగ్గర గొడవ ఎక్కువగా ఉందని అర్థం. సర్వే డంప్ లెక్క అక్కడ మళ్లీ తీయండి. పరీక్ష నడుస్తుండగానే పింగ్ కూడా పెట్టి చూడండి. మామూలుగా 2–5 మిల్లీసెకన్లు ఉండేది లోడ్‌లో 200కి పోతుంటే లింక్ రేటు బాగున్నా వీడియో కాల్స్ తెగుతాయి.

ఇవన్నీ మార్చాక ఒక రోజంతా వదిలేయండి. మళ్లీ పడిపోతే రీబూట్ కొట్టే ముందు మూడు నోడ్ల స్టేషన్ డంప్, సర్వే డంప్, ఆ పది నిమిషాల లాగ్ తీసి పెట్టుకోండి, రీబూట్‌తో లాగ్ చెరిగిపోతుంది. పాస్‌వర్డులు, మ్యాక్ అడ్రసుల చివరి భాగం కొట్టేసి అవి ఇక్కడ పెడితే ఏ నోడ్ ముందు జారిపోయిందో చూసి చెప్పొచ్చు.